దడ తగ్గినంత మాత్రాన...

మా ఊరు రాజోలి. తుంగభద్ర ఒడ్డున ఉన్న చేనేత గ్రామం. 2016లో జోగుళాంబ గద్వాల జిల్లా ఏర్పడక ముందు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. మీ ఇంటి పెట్టెలో నూలు చీరకు పట్టు అంచూ పట్టు కొంగూ కలిపి నేసిన గద్వాల చీర ఒకటి ఉంటే, అది మా ఊరి మగ్గం మీది నుంచి వచ్చినదై ఉండవచ్చు.

మా చిన్నతనంలో తెల్లవారుజామున కోడి కన్న ముందు మగ్గమే మమ్మల్ని లేపేది. పక్క మీద పడుకుని వింటూ, అది ఎవరింటి మగ్గమో చప్పుడును బట్టి చెప్పేవాళ్లం. పోగు తెగిందంటే ఆ చప్పుడులో తేడా తెలిసిపోయేది. నేసేవాడు ఆగి, పోగు ముడివేసి, మళ్లీ నాడె విసిరేవాడు.

గుండె కూడ అలాంటి మగ్గమే. కాని దానికి ఆగి ముడి వేసుకునే తీరుబాటు లేదు. నిమిషానికి 70 సార్ల చొప్పున లెక్క వేసినా రోజుకు లక్ష సార్లు కొట్టుకోవాలి. ఆ కొట్టుకోవడంలో తాళం తప్పితే ఏమవుతుందో, దానికి మందులు ఏమిటో, ఆ మందులను మనం ఎలా చూసుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ విషయం నాకు మా ఇంట్లోనే, చాలా ఖరీదు చెల్లించిన మీదట తెలిసింది.

రొమ్ములో పిట్ట

మా పెదనాన్న గుంటమగ్గంలో కూర్చుంటే పెద్దమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నలభై దాటిన తరువాత ఆమెకు ఆయాసం పట్టుకున్నది. బిందె ఎత్తితే చాలు, గుండె దడ. “ఏందో నాయనా, రొమ్ముల పిట్ట తన్నుకులాడినట్టు కొట్టుకుంటాంది” అనేది. వేడి చేసిందన్నారు కొందరు. దిష్టి తగిలిందన్నారు మరి కొందరు. మజ్జిగా, నిమ్మకాయలూ, తాయెత్తూ అన్నీ అయిన తరువాత కర్నూలు తీసుకుపోయాము.

అక్కడి వైద్యుడు చాలాసేపు ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. తరువాత ఈ.సి.జి. తీయించాడు. చిన్నతనంలో ఎప్పుడైనా గొంతు నొప్పి, జ్వరం, కీళ్ల వాపు వచ్చాయా అని అడిగాడు. వచ్చాయి. పదేళ్ల వయసులో నెల రోజులు మంచాన పడిందని మా అమ్మమ్మ చెబుతుండేది. కీళ్లను పట్టి పీడించిన ఆ జ్వరం అప్పటికి పోయినట్టే పోయి, గుండె కవాటాన్ని కొరికిపెట్టింది. కవాటం ఇరుకై, పై గది సాగి, చివరికి గుండెకు తాళం తప్పింది.

వైద్యుడు రెండు రకాల మాత్రలు రాశాడు. “ఇవి దడకు. ఇవి రక్తం గడ్డకట్టకుండా. రెండూ ముఖ్యమే. రెండూ మానకూడదు” అన్నాడు. మేమందరం తల ఊపాము. దడకు మందు అంటే అర్థమైంది. గడ్డకట్టని రక్తానికి మందెందుకో ఇంట్లో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించాము.

తాళం వేసేది ఎవరు?

గుండెకు పైన రెండు గదులు, కింద రెండు గదులు. కుడి పై గది గోడలో ఒక చిన్న కణాల ముద్ద ఉన్నది. కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు 1907లో దాన్ని కనిపెట్టారు. మేళంలో తాళం వేసే మనిషి వంటిది అది. అక్కడ పుట్టిన విద్యుత్తు ముందు పై గదులను ముడుచుకునేటట్లు చేస్తుంది. నడిమి గడప దగ్గర రవంత ఆగి, తరువాత కింది గదులకు దిగుతుంది. ఆ రవంత ఆగడంలోనే పై గదుల్లోని రక్తం కిందికి చేరుతుంది. ఈ విద్యుత్తును కాగితం మీద గీతలుగా పట్టి చూపించిన ఐంథోవెన్ అనే డచ్చి శాస్త్రజ్ఞునికి 1924లో నోబెల్ బహుమానం వచ్చింది. ఈనాడు ప్రతి ఆసుపత్రిలోనూ తీసే ఈ.సి.జి. అదే.

తాళం తప్పడం అన్నప్పుడు అన్నీ ఒకటి కావు. అప్పుడప్పుడు ఒక దెబ్బ ముందుగా పడి, ‘గుండె జారినట్టు’ అనిపించడం చాలామందికి కద్దు. కాఫీ, టీలు ఎక్కువైనా, నిద్ర చాలకపోయినా, రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేసినా దడ రావచ్చు. కొందరికి ఉన్నట్టుండి నిమిషానికి 150, 200 దాకా పోయి, మళ్లీ ఉన్నట్టుండి ఆగిపోతుంది. మా పెద్దమ్మకు వచ్చింది వేరు. ఆమె పై గదులు ముడుచుకోవడం మాని, నిమిషానికి 350 సార్లకు మించి వణకడం మొదలుపెట్టాయి. నడిమి గడప వాటిలో కొన్నిటినే కిందికి వదులుతుంది గనుక నాడి ఒకసారి వడిగా, ఒకసారి నెమ్మదిగా, ఏ లెక్కకూ అందకుండా నడుస్తుంది. దీన్ని వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు.

చెట్ల నుంచి వచ్చిన మందులు

ఈ మందుల చరిత్ర చదువుతూ ఉంటే మన ఇళ్లలోని ముసలమ్మల వైద్యం గుర్తుకు వస్తుంది. విలియం విదరింగ్ అనే ఇంగ్లీషు వైద్యునికి 1775లో ఒక ఇంటివైద్యం సంగతి తెలిసింది. ష్రాప్‌షైర్‌లో ఒక వృద్ధురాలు ఇరవై రకాల మూలికలు కలిపి, వైద్యులు వదిలేసిన ఉబ్బురోగులకు ఇస్తున్నదట. వాటిలో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అనే పూలమొక్క ఆకు అని గ్రహించి, పదేళ్లు పరిశీలించి, 1785లో ఆయన పుస్తకం రాశాడు. దాని జాతి మొక్క నుంచి 1930లో తీసినదే డిజాక్సిన్. అది నడిమి గడప దగ్గర కాపలా బిగించి, కింది గదుల పరుగు తగ్గిస్తుంది. కాని మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య దూరం వెంట్రుకవాసి. మోతాదు మించితే వికారం, వాంతులు, కళ్లకు అంతా పసుపుపచ్చగా కనిపించడం, కొత్తగా తాళం చెడడం కూడ జరుగుతాయి.

మరొకటి కొయినా కథ. మలేరియాకు వాడే సింకోనా చెట్టు బెరడు మందు మన పెద్దలందరికీ తెలిసినదే. 1912లో ఒక డచ్చి వర్తకుడు వెంకెబాక్ అనే వైద్యుని దగ్గరకు వచ్చి, “మీకు చేతకాకపోతే పోనివ్వండి, కొయినా వేసుకుంటే నా గుండె దారికి వస్తున్నది” అని చెప్పి, మర్నాడు నిజంగానే సరైన నాడితో వచ్చి చూపించాడట. ఆ మాటను కొట్టిపారేయక వైద్యులు వెంట పడ్డారు. 1918లో వాల్టర్ ఫ్రై, అదే బెరడులోని క్వినిడిన్ ఇంకా బాగా పనిచేస్తుందని చూపించాడు.

మన దేశపు చెట్టు కూడ ఈ జాబితాలో ఉన్నది. తూర్పు కనుమల్లోనూ పెరిగే సర్పగంధ వేరు నుంచి సలీముజ్జమాన్ సిద్దీఖీ ఢిల్లీలో 1931లో కొన్ని పదార్థాలు వేరు చేశాడు. తనను ప్రోత్సహించిన హకీం అజ్మల్ ఖాన్ పేరు కలిసివచ్చేటట్లు ఒకదానికి అజ్మలిన్ అని పేరు పెట్టాడు. అది గుండె తాళం మీద పనిచేసే మందు. కొన్ని దేశాల్లో, దాగి ఉన్న ఒక రకపు తాళభంగాన్ని పరీక్షలో బయట పెట్టడానికి నేటికీ దాన్ని వాడుతున్నారు. అంత మాత్రాన సర్పగంధ వేరు తెచ్చి ఇంట్లో అరగదీసుకోవచ్చునని ఎవరూ అనుకోకూడదు. వేరులో ఏ పదార్థం ఎంత ఉన్నదో కంటితో చూసి చెప్పగలవారు లేరు.

నాలుగు తలుపులు

గుండె కణాల గోడలకు చిన్న చిన్న తలుపులు ఉన్నాయి. సోడియం, పొటాషియం, కాల్షియం ఈ తలుపుల్లో నుంచి లోపలికీ బయటికీ పోతూ వస్తూ ఉండడమే విద్యుత్తు. ఏ మందు ఏ తలుపు మీద చెయ్యి వేస్తుందో చూసి, ఆక్స్‌ఫర్డులో వాన్ విలియమ్స్ 1970లో వాటిని తరగతులుగా విడదీశాడు. ఆ పద్ధతినే వైద్య విద్యార్థులు నేటికీ వల్లె వేస్తారు.

సోడియం తలుపును ముయ్యజూసేవి మొదటి తరగతి. క్వినిడిన్, ఫ్లెకనైడ్ దీనిలోనివి. భయంలో, కోపంలో ఉరికే ఆవేశపు స్రావాన్ని గుండె దాకా రానివ్వనివి రెండో తరగతి. జేమ్స్ బ్లాక్ 1960లలో తయారుచేసిన ప్రొప్రనలాల్, తరువాత వచ్చిన మెటోప్రొలాల్ ఇటువంటివి. ఇందుకు గాను బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమానంలో పాలు దక్కింది. ఉబ్బసం ఉన్నవారు ఈ మాత్రలు వాడే ముందు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. ఇవి ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే. పొటాషియం తలుపును పట్టి ఉంచేవి మూడో తరగతి. వీటిలో పేరు పడినది అమియోడరోన్. 1961లో బెల్జియంలో గుండె నొప్పికని తయారైన ఈ మందు తాళాన్ని కూడ సరిదిద్దుతుందని వాన్ విలియమ్స్ దగ్గర పనిచేసిన బ్రామా సింగ్ చూపించాడు. ఆయన ఫిజీ దీవుల్లో పుట్టిన భారత సంతతివాడు. బలమైన మందే గాని దీనిలో అయొడిన్ చాలా ఎక్కువ. అందుచేత థైరాయిడ్‌కూ, ఊపిరితిత్తులకూ, కాలేయానికీ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. మాత్ర మానినా నెలల తరబడి ఒంట్లో ఉంటుంది. కాల్షియం తలుపును పట్టేవి నాలుగో తరగతి, వెరాపమిల్, డిల్టియజెమ్ వంటివి.

ఇన్ని మందులు ఉన్నాయి గనుక చప్పుడు తేడా వచ్చిన ప్రతి గుండెకూ ఏదో ఒకటి వేస్తే సరి అనుకున్న కాలం ఒకటి ఉండేది. గుండెపోటు వచ్చి బతికినవారిలో దొంగదెబ్బలు ఎక్కువగా పడితే ఆకస్మిక మరణం ఎక్కువని తెలుసు. ఆ దెబ్బలను అణిచే మందు ఇస్తే మరణాలు తగ్గుతాయని అందరూ నమ్మారు. అమెరికాలో పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. ఫ్లెకనైడ్, ఎన్‌కనైడ్ అనే మందులు దొంగదెబ్బలను అణిచాయి. కాని 1989లో లెక్క తీస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కన్న ఈ మందులు వేసుకున్నవారే ఎక్కువమంది చనిపోయారు! ఈ.సి.జి. కాగితం బాగుపడింది, మనిషి దక్కలేదు. అందుకే ఈనాడు అనుభవం గల వైద్యుడు చిన్న చిన్న తేడాలకు మందు రాయక, “ఏమీ పరవాలేదు, కాఫీ తగ్గించు” అని పంపివేస్తే, ఆయనకు పని రాదని అనుకోకూడదు.

కనిపించని ప్రమాదం

ఇక వైద్యుడిచ్చిన రెండో మాత్ర సంగతి. పై గదులు వణకుతూ ఉంటే రక్తం అక్కడ నిలవ నీటివలె ఆగుతుంది. ఆగిన రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఒకనాడు జారి మెదడుకు ఎక్కితే పక్షవాతం. ఈ తాళభంగం ఉన్నవారికి పక్షవాతపు ముప్పు సుమారు 5 రెట్లని, కీళ్లవాతపు జ్వరం వల్ల కవాటం ఇరుకైనవారికి 17 రెట్లని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశోధకులు 1978లో లెక్కకట్టారు.

దీనికి వాడే వార్ఫరిన్ కథ పశువుల దగ్గర మొదలైంది. అమెరికాలో బూజుపట్టిన గడ్డి తిన్న ఆవులు రక్తం ఆగక చనిపోతుంటే, ఆ గడ్డిలోని పదార్థాన్ని వెతికి పట్టారు. 1948లో ఎలుకల మందుగా అమ్మారు. 1954 నుంచి మనుషులకు వాడుతున్నారు. మన దేశంలో దాని చుట్టమైన అసెనోకుమరాల్‌ను కూడ ఎక్కువగా రాస్తారు. మోతాదు తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. అందుకని ఐ.ఎన్.ఆర్. అనే రక్త పరీక్ష చేస్తూ, సాధారణంగా 2కూ 3కూ మధ్య ఉంచుతారు. పరీక్ష అక్కర లేని కొత్త మందులు వచ్చాయి గాని, అవి అందరికీ పనికిరావు. కీళ్లవాతపు గుండెజబ్బుతో ఈ తాళభంగం వచ్చిన 4,500 మందికి పైగా రోగులను 24 దేశాల్లో పరిశీలించి, పాత మందే మేలని 2022లో తేల్చారు. ఆ పరిశీలనకు ముందు నిలిచినవారిలో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుడు గణేశన్ కార్తికేయన్ ఒకరు.

దడకు వేసిన మాత్ర పనిచేస్తే మనిషికి తెలుస్తుంది. పక్షవాతం రాకుండా కాపాడే మాత్ర పనిచేసినా ఏమీ తెలియదు. రానిది రాలేదని ఎవరికి తెలుస్తుంది?

ఏరు వచ్చిన రోజు

2009 అక్టోబరు 2. తుంగభద్ర మా ఊరి మీదికి వచ్చింది. మగ్గాలున్న గుంటలు నీళ్లతో నిండాయి. పడుగులూ, పట్టూ, ధాన్యమూ, గోడలూ పోయాయి. జనం కట్టుబట్టలతో మెరకకు పరుగెత్తారు. మందులు తెచ్చుకునే కర్నూలులోనే ఇళ్లూ అంగళ్లూ నీట మునిగాయి. దారులు తెగిపోయాయి.

అప్పటికి నాకు పాతికేళ్లు. హైదరాబాదులో ఉన్నాను. నాలుగు రోజులకు ఎలాగో ఊరు చేరాను. దుప్పట్లు, బియ్యం, చీరలు, అగ్గిపెట్టెలు, చివరికి దువ్వెనలు కూడ తీసుకుపోయాను. పెద్దమ్మ చెట్టు కింద కూర్చుని ఉన్నది. నన్ను పట్టుకుని ఏడ్చింది. మగ్గం పోయిందని పెదనాన్న చెప్పాడు. ఎన్నో మాట్లాడుకున్నాం. మాత్రల డబ్బా ఏమైందని నేను అడగలేదు. ఆమె కర్నూలు మందులు నెల నెలా తెచ్చి ఇచ్చేవాళ్లలో నేనూ ఒకణ్ణి!

శిబిరానికి వచ్చిన వైద్యునితో ఆమె దడగా ఉన్నదని మాత్రం చెప్పింది. ఆయన దడ తగ్గే మాత్ర ఇచ్చాడు. రెండో మందు వాడుతున్నదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చీటీలు ఏట్లో పోయాయి. మాత్ర వేసుకోగానే దడ తగ్గింది. “బాగైంది నాయనా, నిమ్మళంగ ఉన్న” అన్నది. మేమందరం సంతోషించాము.

పదకొండో రోజు పొద్దున చెంబు ఎత్తబోతే చేతిలో నుంచి జారింది. మూతి ఒక పక్కకు లాగింది. మాట ముద్దయింది. ఆసుపత్రికి చేర్చేసరికి చాలా పొద్దుపోయింది. “ఎన్ని రోజుల నుంచి మాత్ర మానింది?” అని వైద్యుడు అడిగాడు. మేమంతా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మాట తిరిగి రావడానికి ఆరు నెలలు పట్టింది. తిరిగి వచ్చిన తరువాత ఒకనాడు అడిగాను, ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా అని. “ఊరంతా కొంపలు పోయి ఏడుస్తాంటే, నా గోలీలు పోయినాయని యాడ చెప్పుకోను కొడుకా?” అన్నది. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. ఆమె మళ్లీ కండె చుట్టలేదు.

ఇంటింటికీ కావలసిన జాగ్రత్త

ఇటువంటి జబ్బు ఉన్నవారు ఇంట్లో ఉంటే, ఆ మాత్రల్లో ఏది దేనికో ఇంట్లో మరొకరు కూడ తెలుసుకుని ఉండాలి. మందుల చీటీకి నకలు తీసి, వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఒకటి ఉంచాలి. ఈ రోజుల్లో సెల్‌ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవడం ఎంత పని? మాత్రలు చివరి రోజు దాకా అయిపోనివ్వకూడదు. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు వేసుకోరాదు. రక్తం పలచబరిచే మందు వాడేవారు తోటకూర, పాలకూర, మునగాకు మానవలసిన పని లేదు. ఒకనాడు కుప్పగా, నెల పొడుగునా శూన్యంగా కాకుండా, రోజూ ఒకే తీరుగా తింటే చాలు. ఒళ్లునొప్పులకని అంగట్లో అడిగి ఏ మాత్ర పడితే ఆ మాత్ర వేసుకోకూడదు. పన్ను పీకించుకోబోయినా, జ్వరానికి పోయినా, ముందు ఈ మందు పేరు చెప్పాలి.

మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి ఒక నిమిషం నాడి లెక్కపెట్టడం పిల్లలకు కూడ నేర్పవచ్చు. దడతో పాటు స్పృహ తప్పినా, రొమ్ములో నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, తెల్లవారనీ అనుకోక 108కి ఫోను చేయాలి. మెదడుకు ఎక్కిన గడ్డను కరిగించే సూదిమందుకు గడువు నాలుగున్నర గంటలే. మందులకు లొంగని తాళభంగాలకు విద్యుత్ చికిత్స, తీగ ద్వారా లోపలి చెడు చోటును కాల్చే చికిత్స, నెమ్మదించిన గుండెకు పేస్‌మేకరు ఉన్నాయి. ఏది ఎవరికో తేల్చవలసినది వైద్యుడు. అన్నిటి కన్న ముందు, పిల్లలకు గొంతు నొప్పీ, జ్వరమూ, వెంట కీళ్ల వాపూ వస్తే ఉపేక్షించరాదు. ఆ వయసులో వేళకు పడే పెన్సిలిన్ సూది, నలభయ్యేళ్ల తరువాతి ఈ కథనంతా రాకుండా చేయగలదు.

ఇప్పుడు పెద్దమ్మ దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉన్నది. దానిలో నెల రోజుల మాత్రలు, చీటీ, రక్త పరీక్షల పుస్తకం, అన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంటాయి. తలుపు దగ్గరి కొక్కానికి వేలాడుతూ ఉంటుంది. వాన మబ్బు పట్టిందంటే ఆమె చూపు ముందు దాని మీదికి పోతుంది.

నేను ప్రతి సాయంత్రం ఫోను చేస్తాను. ఆ రోజు చెట్టు కింద అడగని మాటనే ముందు అడుగుతాను.

“రెండూ వేసుకున్నావా పెద్దమ్మా?”

“వేసుకున్నలే కొడుకా. నువ్వు తిన్నావా?” అంటుంది.